పిల్లల బొమ్మలు కదలాలంటే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి?

వేసవి సెలవులు మొదలైతే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "మా పాపకి బొమ్మలంటే ప్రాణం అక్కా. గోడలన్నీ నింపేసింది. యానిమేషన్ నేర్చుకోవడానికి మంచి యాప్ ఏదైనా చెప్పండి." నేను వెంటనే పేరు చెప్పను. ముందు రెండు విషయాలు అడుగుతాను. పాపకి ఎన్నేళ్ళు? ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉందా, కంప్యూటర్ కూడా ఉందా? ఈ రెండూ తెలియకుండా సలహా ఇస్తే కొలతలు తీసుకోకుండా గౌను కుట్టినట్టే ఉంటుంది.

ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు వేయించడం కొన్నేళ్ళుగా నాకు అలవాటు. కింద చెప్పేవాటిలో సగం అక్కడ చూసినవే.

## ముందు వీటిని చూసుకోండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఒకటుంది. పిల్ల గీసిన గీత మొదటిసారి కదలడానికి ఎంతసేపు పడుతోంది? అయిదేళ్ళ పాపకి పది నిమిషాల్లో కదలాలి. పదేళ్ళ వాడు అరగంట దాకా ఓపిక పడతాడు. అంతకు మించితే యాప్ ఫోన్‌లోనే ఉంటుంది, వాడు మాత్రం యూట్యూబ్‌లోకి వెళ్ళిపోతాడు. ఎన్ని బ్రష్‌లున్నాయి, ఎన్ని రంగులున్నాయి అన్నది ఆ తర్వాతి సంగతి.

రెండోది, చదవాల్సిన అవసరం. మెనూలు ఇంగ్లిష్‌లో ఉండి పాపకి ఇంకా ఇంగ్లిష్ రాకపోతే ప్రతి రెండు నిమిషాలకీ "అమ్మా, ఇదేంటి?" అంటుంది. మీరు పక్కన కూర్చోగలిగితే ఫరవాలేదు. లేకపోతే మాటలు అక్కర్లేని సాఫ్ట్‌వేర్ చూసుకోండి.

మూడోది డబ్బు, యాడ్స్. ఉచితం అన్న యాప్‌లో మధ్యలో జూదం ఆటల ప్రకటన వస్తే అది ఉచితమైనట్టు కాదు. వారం రోజులు ఫ్రీ అని చెప్పి ఎనిమిదో రోజున కార్డులోంచి డబ్బు లాగేసే రంగుల యాప్ ఒకటి మా ఇంట్లోనే తగిలింది. అప్పట్నుంచి ప్లే స్టోర్‌లో కొనుగోలుకి పాస్‌వర్డ్ పెట్టాకే ఫోన్ పిల్లల చేతికి వెళ్తోంది.

ఇక నాలుగోది: బొమ్మ గీస్తున్నది ఎవరు? మాట చెబితే బొమ్మ తయారు చేసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిని నేను ఈ పోలికలోకి తీసుకురాలేదు. అక్కడ పిల్ల చేసే పని హోటల్లో ఆర్డర్ చెప్పడమే, వంట చేయడం కాదు.

ఇవి మనసులో పెట్టుకుని ఈ పట్టిక చూడండి. చివరి నిలువు వరుసలోని సమయాలు మా సెల్లార్ పిల్లల్ని చూసి వేసిన అంచనాలు.

| సాఫ్ట్‌వేర్ | ఎవరికి | దేని మీద | ఖర్చు | మొదటి కదలిక |
|---|---|---|---|---|
| టక్స్ పెయింట్ | 3 ఏళ్ళ నుంచి | కంప్యూటర్, ఆండ్రాయిడ్ | ఉచితం | 15 నిమిషాలు, పెద్దల సాయంతో |
| స్క్రాచ్ జూనియర్ | 5–7 | ట్యాబ్ | ఉచితం | 5 నిమిషాలు |
| స్టాప్ మోషన్ స్టూడియో | 6 నుంచి | ఫోన్, ట్యాబ్ | మామూలు వెర్షన్ ఉచితం | 10 నిమిషాలు |
| స్క్రాచ్ | 8 నుంచి | కంప్యూటర్, ట్యాబ్ | ఉచితం | 15 నిమిషాలు |
| ఫ్లిపాక్లిప్ | 10 నుంచి | ఫోన్, ట్యాబ్ | ఉచితం, యాడ్స్‌తో | 10 నిమిషాలు |
| పెన్సిల్ 2డి | 10 నుంచి | కంప్యూటర్ | ఉచితం | అరగంట |
| క్రీటా | 12–13 నుంచి | కాస్త బలమైన కంప్యూటర్ | ఉచితం | గంట |
| ప్రొక్రియేట్ | 10 నుంచి | ఐప్యాడ్ మాత్రమే | ఒకసారి కొనాలి | 15 నిమిషాలు |

## చిన్నపిల్లలకి: టక్స్ పెయింట్, స్క్రాచ్ జూనియర్

పిల్లల కోసం ప్రత్యేకంగా బొమ్మల సాఫ్ట్‌వేర్ ఎందుకు, మామూలు పెయింట్ చాలదా అని అడిగేవాళ్ళకి కిడ్ పిక్స్ సంగతి చెబుతుంటాను. అమెరికాలో క్రెయిగ్ హిక్‌మన్ అనే ఆయన, తన చిన్న కొడుకు మాక్ కంప్యూటర్‌లోని పెయింట్ ప్రోగ్రామ్‌తో తంటాలు పడటం చూశాడు. వాడికి గీయడం వచ్చు, అడ్డొస్తున్నవల్లా మెనూలు. దాంతో తనే ఒక ప్రోగ్రామ్ రాశాడు. 1989లో వచ్చిన ఆ కిడ్ పిక్స్‌లో బొమ్మ చెరపాలంటే బాంబు పెట్టి పేల్చేయొచ్చు! తప్పు గీస్తే బాధ పడాల్సింది పోయి, పేల్చడం కోసమే మళ్ళీ గీసేవాళ్ళు.

2002లో మొదలైన టక్స్ పెయింట్ అదే దారిలో నడుస్తుంది. పెద్ద పెద్ద బటన్లు, ప్రతి పనికీ ఒక శబ్దం. తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఫైల్ పేరు అడగదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాలుగేళ్ళ పిల్ల ఎవర్నీ పిలవకుండా తన బొమ్మ తనే దాచుకోగలగడానికి కారణం అదే. పెద్దల కోసం విడిగా ఒక సెట్టింగుల ప్రోగ్రామ్ వస్తుంది. అందులో ప్రింట్ బటన్ ఆపేయొచ్చు, పిల్లలు పొరపాటున బయటికి రాకుండా క్విట్ బటన్ కూడా తీసేయొచ్చు. క్విట్ తీసేస్తే మీరు బయటికి రావడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. తెలియక ఒకసారి నేను సిస్టమ్ ప్లగ్గు పీకేశాను.

ఇది యానిమేషన్ సాఫ్ట్‌వేర్ కాదని చాలామంది పక్కన పెట్టేస్తారు. కానీ ఇందులో ఒక కిటుకుంది. పాప ఒక చేపని గీసి సేవ్ చేస్తుంది. తర్వాత చేపని చెరిపి కొంచెం పక్కకి గీసి మళ్ళీ సేవ్ నొక్కుతుంది. పాతదాని మీదే రాయాలా, కొత్తగా దాచాలా అని అప్పుడు అడుగుతుంది. కొత్తగా అనాలి. అలా ఆరేడు బొమ్మలయ్యాక, తెరిచే చోట స్లైడ్స్ అని ఉంటుంది. వాటిని వరుసగా ఎంచుకుని వేగం పెంచితే చేప ఈదుతుంది. 2020 తర్వాతి వెర్షన్లలో దాన్ని కదిలే జిఫ్ ఫైల్‌గా కూడా తీసుకోవచ్చు. అమ్మమ్మ వాట్సాప్‌కి అదే వెళ్తుంది.

ఒక హెచ్చరిక. ఇందులో స్టాంపులుంటాయి, అంటే సిద్ధంగా ఉన్న ఏనుగులు, పళ్ళు, కార్లు. అవి దొరికితే పిల్లలు గీయడం మానేసి టపటపా ముద్రలు కొట్టుకుంటూ పోతారు. విండోస్‌లో స్టాంపులని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి కాబట్టి మొదటి నెల ఆ పని మర్చిపోండి.

ఇంట్లో ట్యాబ్ ఉంటే స్క్రాచ్ జూనియర్ ఇంకా త్వరగా పని చేస్తుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం, ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు మరో చిన్న సంస్థతో కలిసి 2014లో దీన్ని విడుదల చేశారు. బొమ్మకి ఇచ్చే ఆదేశాలు చిన్న చిన్న బ్లాకులుగా ఉంటాయి. వాటి మీద మాటలుండవు, బాణాలుంటాయి. పచ్చజెండా బ్లాకు పక్కన కుడి బాణం తగిలించి, పైనున్న పచ్చజెండా నొక్కితే పిల్లి కుడివైపు నడుస్తుంది. చదవడం రానివాళ్ళకి ఇంతకన్నా సులువైంది నాకు కనిపించలేదు. పిల్లి బదులు తన బొమ్మ గీసుకోవచ్చు, ముఖం ఉండాల్సిన చోట కెమెరాతో తన ఫోటోనే పెట్టుకోవచ్చు, గొంతు రికార్డు చేయొచ్చు. కథకి నాలుగు పేజీలే ఇస్తుంది. ఆ హద్దు కూడా మంచిదే. లేకపోతే అయిదేళ్ళవాళ్ళ కథకి ముగింపు ఎక్కడిది?

మా చెల్లెలి కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆరేళ్ళు. వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్య "కాకీ కాకీ ఎక్కడికే?" అంటుంటే ట్యాబ్ దగ్గర పెట్టి రికార్డు చేసి, తను గీసిన కాకికి అతికించింది. తెలుగు మాట్లాడమంటే మొహం ముడుచుకునే పిల్ల, కాకి కోసం ఆ మాట నాలుగుసార్లు అడిగి మరీ చెప్పించుకుంది.

ఈ రెండిటిలో ఏది? గీయడం ఇష్టమైతే టక్స్ పెయింట్, కథలు చెప్పే పిల్లలకి స్క్రాచ్ జూనియర్. రెండో దానిలో గీసే పనిముట్లు చాలా తక్కువ.

## "నాకు బొమ్మలు రావు" అనే పిల్లలకి: స్టాప్ మోషన్

వస్తువుని కొంచెం కదపడం, ఫోటో తీయడం, మళ్ళీ కదపడం. స్టాప్ మోషన్ స్టూడియో ఈ ఫోటోలని వరుసగా పేర్చి సినిమాలా చూపిస్తుంది. గీత గీయడం రాకపోయినా నడుస్తుంది. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి ఇద్దరు పిల్లలుంటే నా మొదటి ఓటు దీనికే. ఒకరు కదపాలి, ఇంకొకరు నొక్కాలి. ఫోన్ కోసం కొట్టుకునే వాళ్ళిద్దరూ ఒకరికొకరు అవసరం అవుతారు.

పని ఎంత ఉంటుందో ముందే చెప్పండి. సినిమాల్లో సెకనుకి 24 ఫ్రేములు, అంటే కదలని బొమ్మలు 24. చేత్తో గీసే యానిమేషన్‌లో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలిపి సెకనుకి 12తో సరిపెట్టడం మామూలే. పిల్లలకి ఎనిమిది చాలు. అయినా పది సెకన్ల సినిమాకి 80 ఫోటోలవుతాయి. ఈ లెక్క ముందే పిల్లల చేతే వేయిస్తే, మొదటిరోజే గంట సినిమా తీస్తామనే ఉత్సాహం దానంతటదే దారిలోకి వస్తుంది.

మా వాళ్ళు మొదట కొండపల్లి బొమ్మలతో మొదలుపెట్టారు. కల్లు గీసే తాత, నీళ్ళ బిందె అమ్మాయి. చెక్కబొమ్మలకి కీళ్ళుండవు కదా, చేతులు కదలవు, జరుగుతాయంతే. అమ్మాయి నడిచినట్టు లేదు, నేల మీద జారినట్టుంది. తర్వాత చపాతీ పిండితో చేశారు. ఫ్యాన్ గాలికి అరగంటలో ఎండి పగుళ్ళొచ్చాయి. చివరికి పాడవకుండా ఉన్నది పిల్లల క్లే మాత్రమే.

ఇక్కడ సినిమాని పాడు చేసేవి యాప్‌లో ఉండవు, గదిలో ఉంటాయి. కిటికీ ఎండ కదులుతూ ఉంటే ఫోటో ఫోటోకీ రంగు మారిపోతుంది. కర్టెన్ వేసి ఒకే లైటు పెట్టండి. నొక్కేవాడి నీడ బొమ్మ మీద పడకూడదు. ఫోన్‌ని పుస్తకాల దొంతర మధ్య బిగించి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే 46వ ఫోటో దగ్గర ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఇంతా చేశాక ఉచిత వెర్షన్ చాలదనిపిస్తే అప్పుడు డబ్బు కట్టే వెర్షన్ సంగతి చూడొచ్చు. మాకైతే రెండేళ్ళుగా అవసరం రాలేదు.

## ఎనిమిది దాటాక: స్క్రాచ్

స్క్రాచ్‌ని ఎమ్‌ఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో బయటికి తెచ్చింది. దీన్ని అందరూ కోడింగ్ అంటారు గానీ నేను బొమ్మలాట అంటాను. తోలుబొమ్మ ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి, కీలు దగ్గర దారంతో ముడి వేస్తారు. స్క్రాచ్‌లో చెయ్యిని విడి బొమ్మగా గీసి, గీసే తెర మధ్యలో ఉండే చిన్న గుర్తు మీదికి భుజం వచ్చేలా జరిపితే, చెయ్యి భుజం దగ్గరే తిరుగుతుంది. ఆ ముడి ఎక్కడ వేయాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇది చెప్పకపోతే చెయ్యి గాల్లో గడియారం ముల్లులా తిరుగుతూ ఉంటుంది, పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఒకసారి అలా తిరగనివ్వండి కూడా.

లోటు చెప్పాలంటే, ఇందులో గీయడం అంత హాయిగా ఉండదు. నీటిరంగులు, పెన్సిల్ గరుకు ఉండవు. పైగా రెండు వారాల్లో బొమ్మలు పక్కకి పోయి ఆటలు తయారవుతాయి. అది తప్పేం కాదు, కాకపోతే మీరు బొమ్మల కోసం పెట్టి ఉంటే నిరాశ పడతారు. నెట్ లేకుండా వాడుకునే యాప్ ఉంది, ఖాతా కూడా అక్కర్లేదు.

## గీతే ప్రాణమైన పిల్లలకి: ఫ్లిపాక్లిప్, పెన్సిల్ 2డి

నోట్‌బుక్ అంచుల్లో బొమ్మలు గీసి పేజీలు గబగబా తిప్పే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు. వాళ్ళకి పనికొచ్చేవి ఈ రెండు. రెండిటిలోనూ ఆనియన్ స్కిన్ అనే ఏర్పాటు ఉంటుంది. పేరుకి తగ్గట్టే ఉల్లిపొరలోంచి చూసినట్టు, వెనకటి ఫ్రేములోని బొమ్మ లేతగా కనబడుతుంది. దాని పక్కనే కొత్తది గీస్తారు. ఇది అర్థమైన పిల్లలకి ఇక ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

ఫ్లిపాక్లిప్‌తో సౌకర్యం ఏమిటంటే ఫోనూ వేలూ చాలు. పది నిమిషాల్లో బంతి ఎగురుతుంది. ఉచిత వెర్షన్‌లో యాడ్స్ వస్తాయి, మూడు లేయర్లే (ఒకదాని మీద ఒకటి పరిచి గీసే పొరలు) ఇస్తుంది, వీడియో మీద వాటర్‌మార్క్, అంటే తన ముద్ర, వేస్తుంది. లేయర్లు పిల్లలకి చాలు. యాడ్స్ సంగతే చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది ఫోన్ తెరే. చిన్న తెర మీద వేలు పెట్టి గీస్తుంటే, గీస్తున్న చోటునే వేలు కప్పేస్తుంది. తెర మీద గీయడానికి రెండు మూడు వందల్లో దొరికే పెన్ను, స్టైలస్, కొంత నయం.

పెన్సిల్ 2డికి యాడ్స్ లేవు, ఖాతా లేదు, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. తెర కింద ఫ్రేముల వరుస చూపే టైమ్‌లైన్, పక్కన కొద్దిపాటి పనిముట్లు, అంతే. ఒక్కటే చిక్కు, మౌస్. మౌస్‌తో గీయడం అంటే ఇటుకరాయి పట్టుకుని ముగ్గు వేసినట్టు. బొమ్మలు బాగా వేసే పిల్లవాడికి మౌస్ ఇస్తే "నాకు రావట్లేదు" అని పది నిమిషాల్లో లేచిపోతాడు. రాకపోవడం కాదు, పట్టుకున్న వస్తువు అలాంటిది. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే పలకలు, చిన్న పెన్ ట్యాబ్లెట్లు, మూడు నాలుగు వేల లోపు దొరుకుతాయి. అది కొనే ఉద్దేశం ఉంటే పెన్సిల్ 2డి, లేకపోతే ఫ్లిపాక్లిప్. నా సలహా అడిగితే, ముందు ఫోన్‌లో మూడు నెలలు గీయనిచ్చి, అప్పటికీ మోజు తగ్గకపోతే పుట్టినరోజుకి పెన్ ట్యాబ్లెట్ కొనిపెట్టండి.

మొదటి పాఠంగా ఎగిరే బంతి చాలు. నేలకి తగిలినప్పుడు బంతిని అప్పచ్చిలా నొక్కి, లేచేటప్పుడు కోడిగుడ్డులా సాగదీయమనండి. ఆ రెండు ఫ్రేములు మార్చకముందు, మార్చాక ప్లే చేసి చూపించండి. మా సెల్లార్లో ప్రతి ఏడాదీ "హే!" అనే అరుపు వచ్చేది ఇక్కడే.

## పెద్దపిల్లలకి, సీరియస్‌గా ఉన్నవాళ్ళకి

క్రీటా పెద్దలు వాడే సాఫ్ట్‌వేర్. 2016 నుంచి యానిమేషన్ కూడా ఉంది. బ్రష్‌లు అద్భుతం, రూపాయి ఖర్చు లేదు. కానీ ఫ్రేములు పెరిగేకొద్దీ మెమరీ తినేస్తుంది, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. తెర నిండా ప్యానెళ్ళు చూసి పదేళ్ళవాళ్ళు బెదిరిపోతారు.

ప్రొక్రియేట్ కోసం ఐప్యాడ్ కొనొద్దు. ఇంట్లో ఐప్యాడ్, దాని మీద గీసే ఆపిల్ పెన్సిల్ ఇప్పటికే ఉంటే మాత్రం ఇంకేమీ వెతక్కండి. నెలనెలా కట్టేది కాదు, ఒకసారి కొంటే అయిపోతుంది. యానిమేషన్ అసిస్ట్ ఆన్ చేస్తే ఫ్రేములు కింద వరుసగా వస్తాయి.

ఈ వయసు పిల్లల అమ్మానాన్నలకి అసలు టెన్షన్ వేరే ఉంటుంది: "దీంతో ఉద్యోగం వస్తుందా?" ఛోటా భీమ్ తయారైంది హైదరాబాద్‌లోనే కాబట్టి ప్రశ్న గాలిలోంచి వచ్చింది కాదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో యానిమేషన్‌లో బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ, ఉంది. అక్కడి ప్రవేశ పరీక్షలో ముఖ్యంగా చూసేది జ్ఞాపకం నుంచి బొమ్మ గీయగలరా, రంగులు పొందిగ్గా వేయగలరా అని. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చు అని అడగరు. కాబట్టి పదో తరగతి పిల్లవాడికి క్రీటాతో పాటు ఒక డ్రాయింగ్ పుస్తకం, బస్టాండులో కూర్చుని మనుషుల్ని గీసే అలవాటు ఉండాలి.

## ఇంకా తేల్చుకోలేకపోతే

ఇంట్లో నాన్న ఫోన్ ఒక్కటే ఉండి, అది కూడా సాయంత్రం ఏడు తర్వాతే దొరికితే స్టాప్ మోషన్ పెట్టండి. పగలంతా బొమ్మలు చేసుకుంటారు, రాత్రి ఫోటోలు తీస్తారు. ఫోన్ అరగంట చాలు. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఉంటే చిన్నవాళ్ళకి టక్స్ పెయింట్, పెద్దవాళ్ళకి పెన్సిల్ 2డి, రెండూ ఒకే దానిలో పెట్టేయొచ్చు. ఓపిక తక్కువ ఉన్న పిల్లలకి ఫ్రేము ఫ్రేమూ గీసేవి ఇవ్వకండి, స్క్రాచ్ ఇవ్వండి. అక్కడ రెండు బ్లాకులు కలిపితే బొమ్మ అదే నడుచుకుంటూ పోతుంది. ఒకేసారి మూడు యాప్‌లు మాత్రం పెట్టొద్దు. మూడూ తెరిచి మూడూ మూసేస్తారు.

ఏది పెట్టినా ఒక పని మర్చిపోకండి. నిరుడు మా పెద్దవాడు పదిహేను రోజులు కూర్చుని ఒక పిల్లి కథ గీశాడు. ఫోన్‌లో చోటు చాలట్లేదని ఒకరోజు నేను వాడని యాప్‌లన్నీ తీసేస్తూ, అది కూడా తీసేశాను. యాప్‌తో పాటు 140 ఫ్రేములూ పోయాయి. తప్పు యాప్‌ది కాదు, నాది. వాడు ఏడవలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం గీయడం అయ్యాక పిల్లలందరూ వీడియోగా మార్చి నాకు పంపిస్తారు. నేను దాన్ని పెన్ డ్రైవ్‌లో వేస్తాను. మా వాడు మాత్రం నేను వేశానో లేదో పక్కన నిలబడి చూసి మరీ వెళ్తాడు.